కొత్తదనానికి కాదు, కొనసాగింపుకు కడతాను

“ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడిగా డబ్బు కట్టడం శుద్ధ దండుగ” అని మా పాత సహోద్యోగి ఒకాయన ఈమధ్య మాటల్లో తేల్చేశారు. విండోస్ 10కు మామూలుగా అప్‌డేట్లు ఇచ్చే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత ఏడాది పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలనుకునే ఇంటి వాడకందారుల కోసం మైక్రోసాఫ్ట్ 30 డాలర్ల ధర పెట్టింది. ఆ ప్రస్తావన మీద వచ్చిన మాట అది. అక్కడున్నవాళ్లంతా తలూపారు. కంప్యూటర్ కొన్నప్పుడే దాని ధరలో విండోస్ ధర కూడా కట్టాం, మళ్లీ కట్టడమేమిటి అన్నారొకరు. మ్యాక్‌కు పదేళ్ల పైనుంచీ అప్‌గ్రేడ్లు ఉచితమే కదా అన్నారు ఇంకొకరు. ఉచితంగా దొరికే లినక్స్ ఉండగా ఈ చర్చే అనవసరం అన్నారు మరొకరు. మూడు మాటలకూ బలం ఉంది. అయినా నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో తీరుబడిగా రాసి చూసుకుందామనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అప్‌గ్రేడ్‌కు డబ్బు కట్టడంలో తప్పు లేదు, దేనికి కడుతున్నామో చూసుకోవాలి. కొత్త రంగులకు, జరిపి పెట్టిన మెనూలకు, ఇంకా నమ్మకం కుదరని సౌకర్యాలకు కట్టడం నాకు ఎప్పుడూ గిట్టుబాటు కాలేదు. ఇప్పటికే ఉన్న కంప్యూటర్, దాని మీద అలవాటైన పని, దాచుకున్న ఫైళ్లు ఇంకొన్నేళ్లు భద్రంగా సాగుతాయంటే మాత్రం సంతోషంగా కడతాను. ఈ లెక్కన చూస్తే ఒకప్పుడు ధర పెట్టి అమ్మిన అప్‌గ్రేడ్లలో కొన్ని చాలా చవక. ఇప్పుడు ఉచితంగా వస్తున్న వాటిలో కొన్ని చాలా ఖరీదు.

తెలుగు కనిపించడం కోసం

కొత్తదనానికి కట్టి తీరాల్సిన సందర్భం మన తెలుగువాళ్లకు ఒక్కసారి వచ్చింది. దాన్ని దాటేసి వాదించడం న్యాయం కాదు.

విండోస్ 98 మీద తెలుగు పేజీ తెరిచినవాళ్లకు ఆ తెర ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ హల్లుకు గుణింతాన్ని తగిలించి, ఒత్తును కిందకు చేర్చి గీసే పని ఆపరేటింగ్ సిస్టమ్ చేయాలి. విండోస్ 2000 ఆ పని దేవనాగరికి, తమిళానికి చేసింది, తెలుగుకు చేయలేదు. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో సహా, మన వంతు వచ్చింది. అప్పుడూ నేరుగా రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల అమరికల్లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ వేసి, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. 2005, 2006 ప్రాంతంలో తెలుగులో బ్లాగులు రాసిన మా తరం ఈ వరుసను ఒకరికొకరం ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. కొత్తగా వచ్చిన పాఠకుడు “నాకు డబ్బాలు కనిపిస్తున్నాయి” అని రాస్తే, అతనికి జవాబు చెప్పేవాళ్లు క్షణాల్లో ముగ్గురు తయారయ్యేవారు.

ఎక్స్‌పీ హోమ్ అప్‌గ్రేడ్ ధర అమెరికాలో 99 డాలర్లు. విండోస్ 98 నుంచి దానికి మారడం అంటే ఒక భాష మొత్తాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం. అంతటి మార్పును అంత ధరకు ఇంకెవరూ ఇవ్వలేదు. అయితే మన ఊళ్లలో ఆ 99 డాలర్లు కట్టినవాళ్లు ఎందరున్నారన్నది వేరే విషయం. అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్‌లో విండోస్ ఎక్కించి ఇవ్వడం దుకాణం మర్యాదలో భాగంగా నడిచిపోయింది. దానికి ఒక ధర ఉందని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. ఈ రోజు 30 డాలర్లు అనగానే ఒళ్లు మండిపోవడంలో ఆ అలవాటు పాత్ర కొంత ఉందని నా అనుమానం.

ఎక్స్‌పీ తర్వాత మాత్రం కథ మారింది. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో అన్నిటికంటే పై రకానికి అప్‌గ్రేడ్ ధర 259 డాలర్లు, విడిగా కొంటే 399. అద్దంలా మెరిసే కిటికీలు వచ్చాయి, అవి నడవాలంటే ఎక్కువ మెమరీ కావాలి. విస్టాకు సరిపోతుందని చీటీ అంటించి అమ్మిన కంప్యూటర్ల మీద అమెరికాలో కోర్టు కేసు కూడా నడిచింది. 2009లో విండోస్ 7 వచ్చి విస్టా ఇబ్బందులను చాలావరకు తీర్చింది, దాని హోమ్ ప్రీమియం అప్‌గ్రేడ్‌కు మళ్లీ 119 డాలర్ల 99 సెంట్లు. విస్టా కొన్నవాళ్లు ఒక పొరపాటుకూ దాని దిద్దుబాటుకూ విడివిడిగా చెల్లించారు. డబ్బు కట్టే అప్‌గ్రేడ్లంటే జనానికి ఏవగింపు పుట్టడానికి ఈ రెండేళ్లే చాలనిపిస్తుంది నాకు. తెలుగు మాటకొస్తే, ఎక్స్‌పీ తర్వాత నాకు పనికొచ్చిన పెద్ద చేర్పు ఉచ్చారణను బట్టి తెలుగు టైపు చేసే కీబోర్డు. అది 2019లో విండోస్ 10 అప్‌డేట్‌తో పైసా ఖర్చు లేకుండా వచ్చింది.

కొత్తగా ఏమీ లేదని చెప్పి అమ్మినది

అప్‌గ్రేడ్లన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్ల కోసం 2009 ఆగస్టులో విడుదల చేసిన స్నో లెపర్డ్.

అంతకు ముందు ఆపిల్ కూడా గట్టిగానే వసూలు చేసేది. 2001 నాటి మొదటి మ్యాక్ ఓఎస్ టెన్, 2002లో జాగ్వార్, 2003లో పాంథర్, 2005లో టైగర్, 2007లో లెపర్డ్, ఒక్కొక్కటి 129 డాలర్లు. అన్నీ కొన్నవాళ్లకు ఆరేళ్లలో 645 డాలర్లు అయింది. తర్వాత వచ్చిన స్నో లెపర్డ్ ధర, లెపర్డ్ ఉన్నవాళ్లకు, 29 డాలర్లు. డెవలపర్ల సమావేశంలో ఆపిల్ “కొత్త సౌకర్యాలు సున్నా” అని తెర మీద వేసి మరీ దాన్ని పరిచయం చేసింది. ఉన్నదాన్ని శుభ్రం చేశాం, వేగం పెంచాం, హార్డ్ డిస్క్‌లో దాదాపు 7 గిగాబైట్ల చోటు మీకు తిరిగి వస్తుంది అని చెప్పింది. పెట్టె విప్పితే చూపించుకోవడానికి ఏమీ లేని సరుకు అది. అయినా జనం కొన్నారు, ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. మరమ్మతుకు, నునుపుకు జనం డబ్బు పెట్టరు అనేవాళ్లకు నేను మొదట చెప్పే ఉదాహరణ ఇదే.

దీనిలోనూ ఒక ముల్లు ఉంది, దాచను. స్నో లెపర్డ్ ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌ల మీదే నడిచింది. ఆపిల్ అంతకు ముందు వాడిన పవర్‌పీసీ చిప్‌తో మ్యాక్‌లు 2006 వరకు అమ్మింది. అంటే మూడేళ్ల కిందట కొత్తగా కొన్న కంప్యూటర్‌కు 29 డాలర్లు చేతిలో పెట్టుకుని నిలబడినా ఆ మరమ్మతు దొరకలేదు. ఈ విషయం ముందు ముందు మళ్లీ అవసరం పడుతుంది.

ఆ తర్వాత ధర దిగుతూ వచ్చింది. 2011లో లయన్ 29 డాలర్ల 99 సెంట్లు, 2012లో మౌంటెన్ లయన్ 19 డాలర్ల 99 సెంట్లు, 2013 అక్టోబరులో మావెరిక్స్ ఉచితం. 2015లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లకు విండోస్ 10ను మొదటి ఏడాది ఉచితమంది. ఆ ఏడాది గడిచాక కూడా చాలాకాలం తలుపు మూయలేదు. అక్కడితో “కట్టాలా వద్దా” అన్న ప్రశ్న తీరిపోయిందనే అందరం అనుకున్నాం.

ఉచితానికి ఎవరు కడుతున్నారు

మ్యాక్ సంగతి తేలిక. ఆపిల్ కంప్యూటర్లు అమ్ముకునే కంపెనీ. ఆపరేటింగ్ సిస్టమ్ ఖర్చు కంప్యూటర్ ధరలో ఉంటుంది, ఆ కంప్యూటర్ పాతబడితే ఉచిత అప్‌గ్రేడ్ దానికి రాదు. లెక్క కఠినమే అయినా స్పష్టంగా ఉంది.

విండోస్ సంగతి అంత తేలిక కాదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కూడా ఉచిత అప్‌గ్రేడే. కానీ దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అనుమతి. ఎనిమిదో తరం 2017 రెండో సగంలో బయటికి వచ్చింది. ఏడో తరం ప్రాసెసర్‌తో ల్యాప్‌టాప్‌లు 2018లోనూ దుకాణాల్లో కొత్తవిగానే అమ్ముడయ్యాయి. అవి మెల్లగా నడుస్తున్నాయా అంటే లేదు. ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి మెమరీ కాస్త పెంచితే రాతపనికి, ఇంటర్నెట్‌కు, లెక్కలకు బ్రహ్మాండంగా పనికొస్తాయి. అలాంటి యంత్రం యజమానికి ఉచిత అప్‌గ్రేడ్ అంటే కొత్త కంప్యూటర్ కొనడం. అప్‌గ్రేడ్‌కు సున్నా, దాన్ని పెట్టుకునే పాత్రకు 40,000 రూపాయలు.

టీపీఎం చిప్ అనవసరమని నేను అనడం లేదు. డిస్క్‌లోని సమాచారాన్ని గుప్తపరిచే తాళంచెవిని విడిగా దాచడం, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే ఎవరైనా చేయి పెట్టారేమో గమనించడం మంచి ఏర్పాట్లే. కొత్త యంత్రాలన్నిటిలో ఉండి తీరాలని నిబంధన పెడితే స్వాగతిస్తాను. నా అభ్యంతరం ఒక్కటే. ఆ చిప్ లేని యంత్రం నిన్నటికంటే ఈ రోజు ప్రమాదకరంగా మారలేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు ప్రమాదకరంగా మారుతుంది. భద్రత పేరుతో పాత యంత్రాన్ని అప్‌డేట్లు లేని స్థితికి నెట్టడం వల్ల భద్రత పెరిగిందని ఎలా అనగలం?

మామయ్య అడిగిన ప్రశ్న

తెనాలిలో ఉండే మా మామయ్య తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఏడో తరం ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్ ఉంది. చుట్టుపక్కల గుళ్ల స్థలపురాణాలు, మరుగున పడ్డ శతకాలు సేకరించి దాని మీద తనే టైపు చేసుకుంటారు. గడువు ముగుస్తోందన్న సందేశం తెర మీద కనిపించగానే ఫోను చేశారు.

“ఏరా అల్లుడూ, ఇది డబ్బు కట్టమంటోందా, కంప్యూటర్ మార్చమంటోందా? నువ్వు సరిగ్గా చదివి చెప్పు.”

“రెండు దారులూ ఉన్నాయి మామయ్యా. మీకు ఏది నయమో చూడాలి.”

“నాకు ఏది నయమో నేను చెబుతాను విను. పొద్దున లేచేసరికి నా పేజ్‌మేకర్ తెరుచుకోవాలి. నేను టైపు చేసింది చేసినట్టు కనిపించాలి. ప్రింటరు కదలాలి. ఇంకేమీ వద్దు నాకు.”

డీటీపీతో పరిచయం ఉన్నవాళ్లకు ఆయన భయం వెంటనే అర్థమవుతుంది. ముద్రణకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం మీద దాని కంపెనీ అడోబీ పని ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. దానిలో వాడే అను తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యం యూనికోడ్ కాదు. ఆ ఫాంటు, దాన్ని నడిపే ప్రోగ్రాం ఉన్నంతసేపే అది తెలుగు. అవి లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి, కానీ మార్చాక ప్రతి పేజీ కూర్చుని దిద్దుకోవాలి. తెలుగు ముద్రణ ప్రపంచంలో పాతికేళ్ల సరుకు ఈ స్థితిలోనే ఉంది. పెళ్లి శుభలేఖల నుంచి పరిశోధనా గ్రంథాల దాకా. ఆపరేటింగ్ సిస్టమ్ మారిన ప్రతిసారీ ఆ గొలుసులో ఏదో ఒక లంకె తెగుతుందేమోనని భయపడటం చాదస్తం కాదు.

అప్‌గ్రేడ్ ధర గురించి రాసేవాళ్లు ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. పాత ప్రింటరుకు కొత్త డ్రైవర్ దొరక్క పారేయడం, పాత ప్రోగ్రాం మొరాయించడం, డెబ్బై ఏళ్ల మనిషి చేతికి అలవాటైన చోట బటన్ లేకపోవడం, వారం రోజుల పని ఆగడం, వీటి ముందు 30 డాలర్లు ఎంత? రూపాయల్లో 2,500 పైచిలుకు. ఒకే మైక్రోసాఫ్ట్ ఖాతా కింద పది కంప్యూటర్ల దాకా ఆ ఒక్క చెల్లింపు సరిపోతుంది. దానితో వచ్చేది సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. కొత్త సౌకర్యం ఒక్కటీ రాదు, ఒక్క మెనూ జరగదు. మామయ్య అడిగింది అక్షరాలా అదే. ఆయనకు ఆ పథకంలో చేరడమే నయమని చెప్పాను, చేరారు.

నిజానికి డబ్బు కట్టకుండా చేరే దారులు కూడా ఇచ్చారు. కంప్యూటర్‌లోని అమరికలను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేసుకోవడానికి ఒప్పుకుంటే చాలు, లేదా వాళ్ల రివార్డ్స్‌లో 1,000 పాయింట్లు ఇవ్వాలి. నాకైతే డబ్బు దారే శుభ్రంగా అనిపించింది. 30 డాలర్లు ఇచ్చి సరుకు తీసుకుంటే ఇద్దరికీ ఋణం తీరిపోతుంది. ఖాతాతో కట్టేసుకుంటే ఆ సంబంధం ఎక్కడిదాకా పోతుందో తెలియదు. బాధ కలిగించే విషయమేమిటంటే డబ్బు కట్టినా ఖాతా తప్పదు. పూర్తి ధర చెల్లించేవాడికి కూడా పేరు నమోదు షరతు పెట్టడం నాకు నచ్చలేదు.

లోపం వాళ్లది, డబ్బు మనదా?

ఇక్కడ నన్ను చాలాసేపు ఆపిన ప్రశ్న ఇది. సెక్యూరిటీ అప్‌డేట్ అంటే తయారీదారు చేసిన తప్పును దిద్దడం. వాళ్ల కోడ్‌లో రంధ్రం ఉంది, దొంగలు దూరుతున్నారు. ఆ రంధ్రం నేను కొన్న రోజు నుంచీ ఉంది, వాడకం వల్ల ఏర్పడలేదు. అలాంటప్పుడు పూడ్చడానికి నా దగ్గర డబ్బు తీసుకోవడం ఏ న్యాయం?

ఈ వాదనకు నేను సగం లొంగిపోయాను. చెప్పిన గడువు లోపల ఏ సెక్యూరిటీ అప్‌డేట్‌కూ పైసా అడగకూడదు. ఇందులో బేరం లేదు. కానీ గడువు తర్వాత? పదేళ్ల నాటి కోడ్ తెలిసిన ఇంజనీర్లను కూర్చోబెట్టి, కొత్తగా బయటపడే దాడులను పాత వ్యవస్థ మీద పరీక్షించి, రకరకాల యంత్రాల మీద ఏదీ చెడిపోకుండా సరిచూడటం నిరంతరమైన శ్రమ. 2015లో నేను కట్టిన డబ్బు 2035లోనూ ఆ శ్రమకు జీతమివ్వాలని అడగడం నాకు సబబనిపించదు. విండోస్ 10 ఆఖరి తేదీ విషయంలో మైక్రోసాఫ్ట్‌ను తప్పుపట్టలేం కూడా. 2025 అక్టోబరు 14 అన్నది విడుదలైన ఏడాదే ప్రకటించారు. కాకపోతే ఆ తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంది. 2018లో ల్యాప్‌టాప్ అమ్మిన దుకాణంలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మందుల పెట్టె మీద గడువు తేదీ వేసినట్టు కంప్యూటర్ పెట్టె మీద కూడా వేసి ఉంటే, ఏడేళ్ల మందు, ఐదేళ్ల మందు పక్కపక్కన పెట్టి చూసుకుని కొనేవాళ్లం.

ఇంకో ప్రతివాదం దీనికంటే బలమైనది. సెక్యూరిటీకి ధర పెడితే కట్టనివాడు ఒక్కడే నష్టపోడు, అతని కంప్యూటర్ నుంచి పక్కవాడికి అంటుకుంటుంది. 2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే వైరస్ అలాగే పాకింది. బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసి, మన ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్ల దాకా వచ్చి, ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ఆగిపోయినా, దాడి ఉధృతి చూసి మైక్రోసాఫ్ట్ దానికి కూడా ఉచితంగా ప్యాచ్, అంటే రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్, విడుదల చేసింది. అంటే ప్రాణం మీదికి వస్తే గడువులూ ధరలూ పక్కకు పోతాయని వాళ్లే ఒప్పుకున్నారు.

ఈ సంఘటన నా అభిప్రాయాన్ని పడగొడుతుందనే మొదట అనుకున్నాను. లోతుగా చూస్తే వేరే సంగతి బయటపడింది. వన్నాక్రై సోకిన యంత్రాల్లో అత్యధికం ఎక్స్‌పీవి కావు, విండోస్ 7వి. విండోస్ 7కు అప్పటికి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్ దాడికి రెండు నెలల ముందు, మార్చిలోనే, ఉచితంగా వచ్చింది. జనం వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదు? దొంగ కాపీ వాడేవాళ్లు అప్‌డేట్ చేస్తే దొరికిపోతామని ఆపి పెట్టుకున్నారు. కార్యాలయాల్లో అప్‌డేట్ వల్ల నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగుతుందని వాయిదా వేశారు. ఇళ్లలో, అంతకు ముందు ఏడాది విండోస్ 10కు మారమని అదే పనిగా అడిగిన సందేశాలతో విసిగిపోయి, అప్‌డేట్లనే ఆపేసినవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. ధర సున్నా అయినంత మాత్రాన భద్రత రాలేదు. అప్‌డేట్ అంటే ఏదో మారిపోతుందన్న భయం అడ్డుపడింది. సెక్యూరిటీని, కొత్తదనాన్ని ఒకే మూటలో కట్టి ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రెండూ విడదీసి, “ఇందులో మరమ్మతు తప్ప ఏమీ లేదు” అని మాట ఇచ్చి నిలబెట్టుకుంటే, ఉచితమైనా ధర ఉన్నా జనం వేసుకుంటారు.

డబ్బు ఇస్తామన్నా అమ్మరు

నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడ. ప్రకటించిన పథకం ప్రకారం ఇంటి వాడకందారుల అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకానే. రెండో ఏడాదికి నేను 30 కాదు, 60 డాలర్లు ఇస్తానన్నా కొనే దారి పెట్టలేదు. సంస్థలకు మాత్రం మూడేళ్లు అమ్ముతున్నారు. మొదటి ఏడాది ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. విద్యాసంస్థలకు అవే అప్‌డేట్లు 1, 2, 4 డాలర్లు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అదే సరుకు ఒక చోట 1 డాలరు, ఇంకో చోట 61. ఏటా రెట్టింపవుతోంది. తయారీ ఖర్చును బట్టి పెట్టిన ధర ఇలా ఉండదు. ఇక వదిలేసి వెళ్లండి అని చెప్పడానికి పెట్టిన ధర ఇది. విద్యాసంస్థలకు ఇచ్చిన రాయితీని నేను మనసారా మెచ్చుకుంటాను. ఆ మనసు ఇంటివాళ్ల మీద కూడా ఉంటే బాగుండేది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, అప్‌డేట్లు ఎలాగూ తయారవుతూనే ఉంటాయి. యంత్రపరికరాల్లో, ఆసుపత్రి పరికరాల్లో వాడే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే రకానికి 2032 జనవరి దాకా మద్దతు ఉంది. మూలం అదే విండోస్ 10. ఎక్స్‌పీ కాలంలోనూ ఇదే జరిగింది. మామూలు ఎక్స్‌పీకి 2014లో తెరపడితే, దుకాణాల బిల్లింగ్ యంత్రాల కోసం చేసిన పీఓఎస్ రెడీ 2009కు 2019 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వచ్చాయి. కనుక పాత వ్యవస్థను నిలబెట్టడం అసాధ్యమన్న మాట నేను నమ్మను. చేస్తున్న పనినే మామయ్యలాంటివాళ్లకు సరసమైన ధరకు అమ్మకపోవడం ఒక వ్యాపార నిర్ణయం. “కట్టాలా వద్దా” అని మనం వాదించుకుంటుంటే, కట్టే అవకాశమే లేకుండా పోతోందన్న విషయం మరుగున పడుతోంది.

మద్దతు ఆగిపోయిన వ్యవస్థలను పట్టుకుని వేలాడటానికి పెద్ద సంస్థలు కూడా అతీతం కాదు. ఎక్స్‌పీ గడువు ముగిసి నాలుగేళ్లయినా బ్యాంకుల ఏటీఎంలు దాని మీదే నడుస్తుంటే, రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చి, ఏడాదిలోగా విడతలవారీగా మార్చమని చెప్పాల్సి వచ్చింది. డబ్బుకు లోటు లేని బ్యాంకులే కదలలేదంటే, ధర ఒక్కటే అడ్డమని ఎలా అనుకుంటాం?

లినక్స్ ఉండగా

ఈ వాదనను గౌరవంగా వింటాను. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి పడ్డ కష్టం మనలో చాలామందికి తెలుసు. 2000లలో ఉబుంటు అనే లినక్స్ రకం సీడీలు అడిగినవాళ్లకల్లా పోస్టులో ఉచితంగా వచ్చేవి, నాకూ వచ్చాయి. ఈ రోజు ఇంటర్నెట్, ఉత్తరాలు, లిబ్రేఆఫీస్‌లో తెలుగు రాత, సినిమాలు, ఇవి చాలనుకునేవాళ్లు పాత యంత్రంలో లినక్స్ వేసుకోవడం మంచి నిర్ణయం. యూనికోడ్ తెలుగు అక్కడ చక్కగా నడుస్తుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతుకు ఆధారపడ్డవాళ్లకు, టాలీలో లెక్కలు రాసేవాళ్లకు మాత్రం అదే సలహా ఇవ్వలేను. ఆ సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం వాళ్ల పనిని చిన్నచూపు చూడటమే.

అయితే లినక్స్ వాళ్ల దగ్గర నేర్చుకోదగినది ఒకటుంది. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలకు ఐదేళ్లు మామూలు మద్దతు. ఆపైన ఉబుంటు ప్రో పేరుతో పదేళ్ల దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు, సంస్థలకు డబ్బుకు, సొంత వాడకానికి ఐదు యంత్రాల దాకా ఉచితంగా ఇస్తున్నారు. పాతదాన్ని కాపాడే శ్రమకు డబ్బున్నవాళ్లు చెల్లిస్తే, ఆ ఫలం లేనివాళ్లకు కూడా అందుతోంది. మరమ్మతుకు ధర ఉండటం, ఆ మరమ్మతు అందరికీ దొరకడం, ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావని దీన్ని చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

ఏ కంప్యూటర్‌కు కట్టవద్దో కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తగిలించని, బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టని యంత్రానికి ఈ అప్‌డేట్ల అవసరం తక్కువ. ఎలాగూ ఆరు నెలల్లో మార్చాలనుకున్న యంత్రానికి ఉచిత దారి ఉండగా డబ్బు ఎందుకు? బ్యాంకు లావాదేవీలు, ఆధార్ కాగితాలు, ఇంటిల్లిపాది ఫొటోలు ఉన్న కంప్యూటర్‌ను మాత్రం అప్‌డేట్లు లేకుండా ఒక్క నెల కూడా నడపమని నేను ఎవరికీ చెప్పను.

యూరప్‌లో 2024లో చేసిన సైబర్ రెజిలియన్స్ చట్టం ముఖ్యమైన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి అమల్లోకి వస్తాయి. మద్దతు ఏ నెల, ఏ సంవత్సరం దాకా ఉంటుందో కొనేటప్పుడే చెప్పాలి. ఆ గడువు లోపల సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా ఇవ్వాలి. సాంకేతికంగా వీలైన చోటల్లా వాటిని కొత్త సౌకర్యాల నుంచి విడదీసి ఇవ్వాలి. ఈ మూడూ మన దేశంలోనూ కావాలని అడగడానికి మనకు పూర్తి హక్కుంది. దానికి నేను నాలుగోది ఒకటి చేర్చమంటాను. గడువు ముగిశాక కూడా కంపెనీ ఏ ఒక్క పెద్ద ఖాతాదారు కోసమైనా ఆ వ్యవస్థకు అప్‌డేట్లు తయారు చేస్తున్నంతకాలం, వాటిని మామూలు మనిషికి కూడా సరసమైన ధరకు అమ్మి తీరాలి. ఆ ధర ఏడాదికి 30 డాలర్లే అయితే ప్రతి ఏడాదీ కట్టడానికి నేను సిద్ధం.